మురుగు నీళ్లు... మాంసకృత్తులు!

బావిలో చెత్త వేస్తే అది చెత్తకుండీ. ఆ చెత్త తీసేస్తే మళ్లీ బావి. సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట్‌ ఈ చిన్న నిజాన్ని కళ్లకు కట్టింది. శాస్త్రవేత్తలు ఇంకో మెట్టు పైకెక్కారు. ఫ్యాక్టరీ మురుగు నీళ్లలోంచి ఏకంగా ఆహారాన్నే తీయొచ్చంటున్నారు. ఆ పని చేసిపెట్టేది కంటికి కనిపించని బ్యాక్టీరియా! అదెలాగో తెలియాలంటే బన్సీలాల్‌పేట్‌లో బయల్దేరి జంటనగరాల నీళ్ల వెంట ఓసారి తిరిగి రావాలి.

నాగన్నకుంట... బన్సీలాల్‌పేట్‌

రాణిగంజ్‌ అంటే పంపులు, మోటార్లు, పైపుల దుకాణాలు. నీళ్లు తోడే సామాను ఏది కావాలన్నా జంటనగరాల వాళ్లు అక్కడికే వెళ్తారు. అక్కణ్నుంచి గాంధీ ఆసుపత్రి వైపు వెళ్లే వీధుల్లోకి మళ్లితే బన్సీలాల్‌పేట్‌ వస్తుంది. మెట్రోలో వెళ్లేవాళ్లు గాంధీ ఆసుపత్రి స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే సరిపోతుంది. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఆ పేట మధ్యలో ఉన్నట్టుండి నేల కిందికి దిగిపోయే రాతిమెట్లు కనిపిస్తాయి. అదే బన్సీలాల్‌పేట్‌ మెట్లబావి. మెట్లు దిగుతున్నకొద్దీ వీధిలోని హారన్ల మోత తగ్గుతుంది. గాలి చల్లబడుతుంది. రాతి స్తంభాల మధ్య నిలబడి చూస్తే కింద నీళ్లు, పైన చదరంగా కత్తిరించినట్టు ఆకాశం!

ఈ బావి 17వ శతాబ్దం నాటిదని చెబుతారు. అప్పట్లో ఈ ప్రాంతాన్ని నాగన్నకుంట అనేవారట. పేరులోనే కుంట ఉందంటే ఇక్కడ నీళ్లకు లోటుండేది కాదన్నమాట. 1933లో, టి.హెచ్‌.కీస్‌ బ్రిటిష్‌ రెసిడెంటుగా ఉన్న కాలంలో దీన్ని ఆదర్శ పేటగా తీర్చిదిద్దారు. అందుకు సొమ్ము పెట్టింది సేఠ్‌ బన్సీలాల్‌ అనే సంపన్న వర్తకుడు. కుంట పేరు పోయింది, సేఠ్‌ పేరు నిలిచింది.

ఆ తర్వాతి కథ మన ఊళ్లలో చాలా బావులకు జరిగిందే. ఇంటింటికీ కుళాయి వచ్చింది. బావితో పని తీరిపోయింది. పని తీరిన చోటే చెత్త చేరుతుంది కదా! విరిగిన ఇటుకలు, పాత బట్టలు, ప్లాస్టిక్‌ సంచులు... ఒకరు వేశారని ఇంకొకరు, రాత్రి వేశారని పగలు. దశాబ్దాలు గడిచేసరికి అక్కడొక బావి ఉందన్న సంగతే మరుగున పడింది. పెద్దవాళ్లకు గుర్తుంది, పిల్లలకు తెలియదు.

2021లో బావికి మళ్లీ రోజులొచ్చాయి. ఆర్కిటెక్ట్‌ కల్పనా రమేశ్‌ నడిపే ‘ది రెయిన్‌వాటర్‌ ప్రాజెక్ట్‌’ సంస్థ ప్రభుత్వ విభాగాలతో కలిసి పూడికతీత మొదలుపెట్టింది. లారీలకు లారీలు చెత్త బయటికి వెళ్లింది. రాయి వెనక రాయి బయటపడింది. అన్నిటికన్నా విచిత్రం ఏమిటంటే... అన్నేళ్లు అంత చెత్త మీద పడ్డా అడుగున ఊట చావలేదు. 2022 మార్చిలో ప్రధాని మోదీ ‘మన్‌ కీ బాత్‌’లో ఈ బావి గురించి చెప్పారు. అదే ఏడాది డిసెంబరు 5న అప్పటి మంత్రి కె.తారకరామారావు దీన్ని ప్రారంభించారు. 22 లక్షల లీటర్ల నీళ్లు పట్టే బావి మళ్లీ లోకంలో పడింది.

చేత్తో తీయలేని చెత్త

బన్సీలాల్‌పేట్‌ బావి ఒక రకంగా అదృష్టవంతురాలు. అందులో పడ్డ చెత్త కంటికి కనిపించేది. గంపతో ఎత్తొచ్చు, క్రేనుతో లాగొచ్చు. కానీ నీళ్లలో కరిగిపోయిన చెత్తను ఏ గంపతో ఎత్తాలి?

ఈ ప్రశ్న వేయడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. బన్సీలాల్‌పేట్‌కు దగ్గర్లోనే హుస్సేన్‌సాగర్‌ ఉంది. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనలో హుస్సేన్‌ షా వలీ కట్టించిన చెరువు. ఒకప్పుడు నగరానికి తాగునీళ్లిచ్చింది. జీడిమెట్ల, బాలానగర్‌, కూకట్‌పల్లి పారిశ్రామికవాడలు పెరిగాక కూకట్‌పల్లి నాలా ఆ ఫ్యాక్టరీల నీళ్లనూ కాలనీల మురుగునూ కలిపి మోసుకొచ్చి సాగర్‌లో పోసింది. ఆ నీళ్లను దారి మళ్లించడానికీ, శుద్ధి చేయడానికీ ప్రభుత్వాలు ఏళ్ల తరబడి కోట్లు ఖర్చుపెట్టాల్సి వచ్చింది.

కరిగిన చెత్తను ఎత్తే క్రేను ప్రపంచంలో ఎక్కడా లేదు. దాన్ని తినేవాళ్లు కావాలి. ఆ తినేవాళ్లే బ్యాక్టీరియా. బీరు, పాలు, పిండి, పంచదార తయారయ్యే చోట బయటికి వదిలే నీళ్లను ఇంజినీరు చూస్తే కాలుష్యం అంటాడు. బ్యాక్టీరియా చూస్తే విస్తరి అంటుంది! అందులో ఉన్నది పిండి, చక్కెర, కొవ్వు, కాస్త మాంసకృత్తులు. అంటే తిండే. చెరువులో పడితే అదే తిండి ఉపద్రవం అవుతుంది. బ్యాక్టీరియా ఎగబడి తింటూ నీళ్లలోని ఆక్సిజన్‌నంతా పీల్చేస్తాయి. చేపలు ఊపిరాడక తేలిపోతాయి. నీళ్లు నల్లబడి కంపు కొడతాయి. అదే తిండిని తొట్టెలో పెట్టి, గాలి మనమే అందించి, తిని బలిసిన బ్యాక్టీరియాను వడగట్టి తీసుకుంటే? కింద మిగిలేది శుభ్రపడిన నీళ్లు. చేతికొచ్చేది మాంసకృత్తుల ముద్ద!

కుడితి తొట్టి రహస్యం

వినడానికి కొత్తగా ఉంది కానీ తెలుగు ఇళ్లకు ఈ విద్య కొత్త కాదు. పల్లెల్లో గేదె ఉన్న ప్రతి ఇంటి పెరట్లో కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, పులిసిన మజ్జిగ, గుప్పెడు తవుడు... అన్నీ అందులోకే. సాయంత్రానికి గేదె తలపెట్టి జుర్రుకుని తాగేది. పొద్దున్నే చెంబుడు పాలిచ్చేది. వంటింటి మురుగు నీళ్లు పాలుగా మారాయన్నమాట!

ఆ మార్పు చేసింది గేదె ఒక్కతే కాదు. దాని మొదటి పొట్టలో కోట్లాను కోట్ల సూక్ష్మజీవులుంటాయి. కుడితినీ గడ్డినీ ముందు తినేది అవే. తిని పెరుగుతాయి, సంఖ్య పెంచుకుంటాయి. ఆ సూక్ష్మజీవులే తర్వాత గేదెకు ఆహారమవుతాయి. గేదెకు అందే మాంసకృత్తుల్లో పెద్ద వాటా ఇలా సూక్ష్మజీవుల ఒంట్లోంచి వచ్చేదే. నడిచే ఫ్యాక్టరీ అనాలి దాన్ని.

కుడితి తొట్టికో నియమం ఉంది. ‘ఒసేయ్‌, సబ్బునీళ్లు అందులో పొయ్యకే’ అని అమ్మమ్మలు గదమాయించేది అందుకే. అంట్లు తోమిన బూడిద నీళ్లకు వేరే కాలువ, కుడితికి వేరే తొట్టి. ఏది దేంట్లో కలపాలో, ఏది కలపకూడదో వాళ్లకు ఏ పుస్తకమూ చెప్పలేదు. తేడా వస్తే గేదె మూతి తిప్పుకునేది. ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోండి. ఈ ప్రయాణం చివరిదాకా అదే మనకు దారి చూపిస్తుంది.

గాలి ఇస్తే ఒళ్లు... ఆపితే గ్యాసు

బన్సీలాల్‌పేట్‌ నుంచి కొద్ది కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్తే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌. తెల్లవారుజామున లారీల సందడి, హమాలీల కేకలు, మధ్యాహ్నానికి కుళ్లిన టమాటాలూ క్యాబేజీ ఆకులూ. ఒకప్పుడు ఆ చెత్తంతా డంపింగ్‌ యార్డుకే. తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు డాక్టర్‌ ఎ.గంగాగ్నిరావు ఆధ్వర్యంలో రూపొందించిన పరిజ్ఞానంతో ఇక్కడ బయోగ్యాస్‌ ప్లాంటు పెట్టారు. రోజుకు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల దాకా కరెంటు వచ్చేలా దాన్ని కట్టారు. 2021 జనవరి 31న ‘మన్‌ కీ బాత్‌’లో ఈ మార్కెట్‌ సంగతీ వచ్చింది. బన్సీలాల్‌పేట్‌ బావికన్నా ఏడాది ముందే!

ఇంతకీ బోయిన్‌పల్లిలో బ్యాక్టీరియా గ్యాసు ఎందుకిచ్చాయి? మాంసకృత్తులు ఎందుకివ్వలేదు? తేడా అంతా గాలిలో ఉంది. మూత బిగించి గాలి తగలకుండా పెడితే బ్యాక్టీరియా తిన్నదాంట్లో చాలా భాగం మీథేన్‌, కార్బన్‌ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది. వాటి ఒంటికి పట్టేది పదో వంతు కూడా ఉండదు. అదే తొట్టెలోకి గాలి బుడగలు పంపిస్తే తిన్నదాంట్లో దాదాపు సగం ఒంటికి పడుతుంది. కిలో చక్కెర కరిగిన నీళ్లలోంచి అరకిలో వరకూ బ్యాక్టీరియా పొడి తీయొచ్చు. టూకీగా చెప్పాలంటే... గాలి ఇస్తే ఒళ్లు, గాలి ఆపితే గ్యాసు!

మూడో దారి కూడా ఉంది. ఆ గ్యాసునే తిని బతికే బ్యాక్టీరియా ఉన్నాయి. మీథేన్‌ వాటికి అన్నం. బెంగళూరులో 2013లో మొదలైన స్ట్రింగ్‌ బయో అనే సంస్థ ఈ బాట పట్టింది. మీథేన్‌ మీద బ్యాక్టీరియాను పెంచి పశువులకూ చేపలకూ పనికొచ్చే మాంసకృత్తుల పొడి తయారుచేసింది. ఎండను ఇష్టపడే ఊదారంగు బ్యాక్టీరియా ఇంకో జాతి. గాలి లేకపోయినా వెలుతురుంటే చాలు, మురుగులోని పోషకాలను లాగేసుకుని బలుస్తాయి.

ఎలా చేస్తారంటే...

ఫ్యాక్టరీ నీళ్లను ముందు జల్లెడ పట్టి నలకలు తీసేస్తారు. వేడి నీళ్లయితే చల్లారుస్తారు. అందులో పిండి, చక్కెర ఉన్నా నత్రజని తక్కువగా ఉంటుంది. అది లేకుండా మాంసకృత్తులు తయారవవు. అందుకే కాస్త అమోనియానో యూరియానో కలుపుతారు. పైరుకు యూరియా చల్లినట్టే. తర్వాత ఎంచుకున్న బ్యాక్టీరియాను వదులుతారు. పాలలో తోడు వేసినట్టన్నమాట. తొట్టె అడుగునుంచి గాలి ఊదుతూ ఉంటే అవి చకచకా రెట్టింపవుతాయి. కొన్ని జాతులకు రెట్టింపు కావడానికి కొద్ది గంటలు చాలు. ఇంకొన్నిటికి 20 నిమిషాలే ఎక్కువ! సోయా చేను కోతకు రావాలంటే మూడు నెలలు ఎదురుచూడాలి.

పెరిగిన బ్యాక్టీరియాను గిర్రున తిప్పే యంత్రంలో వేస్తే నీళ్లు ఒకవైపు, ముద్ద ఒకవైపు. మజ్జిగ చిలికితే వెన్న వేరుపడ్డట్టే. ఆ ముద్దను వేడిచేసి, ఎండబెట్టి, పొడి చేస్తారు. ఆ వేడికి బ్యాక్టీరియా చచ్చిపోతాయి. మిగిలేది లేత గోధుమరంగు పొడి. మన కందిపప్పులో 22 శాతం మాంసకృత్తులుంటాయి. నూనె తీసిన సోయా పిండిలో 45 శాతం పైన. ఎండు చేపల పొడిలో 60 నుంచి 70. బ్యాక్టీరియా పొడిలో జాతిని బట్టి 50 నుంచి 80 శాతం!

యుద్ధంలో పుట్టిన ఆలోచన

ఆకలి మనిషికి ఎన్ని విద్యలైనా నేర్పుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బయటి నుంచి తిండిగింజలు, దాణా రావడం ఆగిపోయినప్పుడు జర్మన్లు ఈస్టును పెంచి ఆహారంలో కలిపారు. రెండో ప్రపంచ యుద్ధంలో చెక్క నుంచి వచ్చే చక్కెరల మీద ఇంకో రకం ఈస్టును పెంచారు. యుద్ధాలు ముగిశాక ఆ అవసరం తగ్గింది కానీ ఆలోచన బతికింది. 1966లో అమెరికాలోని ఎంఐటీలో దీనికి ‘సింగిల్‌ సెల్‌ ప్రొటీన్‌’ అని పేరు పెట్టారు. ఏకకణ మాంసకృత్తులు అనుకోవచ్చు. బ్యాక్టీరియా అనో బూజు అనో అంటే ఎవరూ ముట్టుకోరని భయం!

ఫ్యాక్టరీ మురుగుతోనే ఈ పని భారీగా చేసి చూపించింది ఫిన్లండ్‌. కాగితం మిల్లులో చెక్కను ఉడికించాక మిగిలే చక్కెరల ద్రవాన్ని 1975 నుంచి ఒక రకం బూజుకు ఆహారంగా పెట్టారు. దాని పేరు పెకిలో. ఆ పొడిని పందులకూ కోళ్లకూ మేపారు. తర్వాత కాగితం తయారీ పద్ధతే మారిపోయి ఆ ద్రవం రావడం ఆగిపోయింది. దాంతో పెకిలో కూడా ఆగింది.

బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీ ఇంకా పెద్ద సాహసమే చేసింది. మిథనాల్‌ తినే బ్యాక్టీరియాతో ‘ప్రుటీన్‌’ అనే దాణా తయారుచేయడానికి బిల్లింగ్‌హామ్‌లో సుమారు 15 లక్షల లీటర్ల తొట్టె కట్టింది. అప్పట్లో ప్రపంచంలో అదే అతిపెద్దది. మన బన్సీలాల్‌పేట్‌ బావిలో పట్టే నీళ్లు అంతకన్నా ఎక్కువే! ఏటా 50 వేల టన్నులు తీయాలనుకున్నారు. 1980ల్లో సోయా చవగ్గా దొరికింది, మిథనాల్‌ ఖరీదైంది. ఆ దశాబ్దం ముగియకుండానే ప్రుటీన్‌ మూతపడింది. ఇక్కడున్న పాఠం స్పష్టం. డబ్బు పెట్టి కొన్న తిండితో బ్యాక్టీరియాను మేపితే గిట్టదు. ఎలాగూ పారబోసే తిండితో మేపితే? అక్కడే మురుగు నీళ్లకు విలువ వచ్చింది.

సింగపూర్‌లో ఎన్‌టీయూ శాస్త్రవేత్తలు సోయా చిక్కుళ్ల నుంచి ఆహార పదార్థాలు చేసే ఫ్యాక్టరీ నీళ్లను తీసుకున్నారు. అందులో బ్యాక్టీరియాను పెంచారు. పండుగప్ప జాతి చేపపిల్లల మేతలో సగం చేపల పొడి తీసేసి దాని బదులు ఈ పొడి కలిపారు. 24 రోజుల పరీక్షలో ఆ పిల్లలు మామూలు మేత తిన్నవాటితో సమానంగానే ఎదిగాయి. 2023లో ఈ ఫలితాలు బయటికొచ్చాయి.

పటాన్‌చెరు హెచ్చరిక

ఇంతవరకూ వింటే మరి హైదరాబాద్‌ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నీళ్లన్నీ బ్యాక్టీరియాకు అప్పజెప్పేస్తే పోలేదా అనిపిస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు బన్సీలాల్‌పేట్‌కు పడమటగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. పటాన్‌చెరు. మందుల తయారీకి ప్రపంచమంతా చెప్పుకునే చోటు. ఇసకవాగు, నక్కవాగు పొలాలకు నీళ్లిచ్చే రోజులు పోయి ఫ్యాక్టరీల నీళ్లు మోసే రోజులొచ్చాయి. ఇక్కడి కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. ఫ్యాక్టరీల నీళ్లను ఒకేచోట శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం తర్వాత వచ్చింది.

ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికొచ్చే నీళ్లను స్వీడన్‌కు చెందిన జోకిమ్‌ లార్సన్‌ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల నీళ్లు అక్కడికి చేరేవి. లీటరు నీళ్లలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్‌ కనిపించింది. జ్వరానికో ఇన్‌ఫెక్షన్‌కో డాక్టర్లు రాసే యాంటీబయాటిక్‌ అది. ఒక్కరోజులో ఆ నీళ్లలో కలిసిపోయే మందు సుమారు 45 కిలోలని లెక్కతేలింది. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్‌ దేశం ఐదు రోజుల్లో వాడే మందుతో సమానం!

యాంటీబయాటిక్‌ పనేమిటి? బ్యాక్టీరియాను చంపడం. అలాంటి నీళ్లలో బ్యాక్టీరియాను పెంచాలనుకోవడం కుడితి తొట్టిలో పురుగుమందు పోసి గేదెను తాగమన్నట్టే. ఒకవేళ బతికినా అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. ఆ మందుకు లొంగనివే బతుకుతాయి. ఆ మొండితనాన్ని పక్కనున్న బ్యాక్టీరియాకు కూడా నేర్పిస్తాయి. 2016లో జర్మనీ పరిశోధకులు హైదరాబాద్‌, చుట్టుపక్కల 28 చోట్ల నీళ్ల నమూనాలు తీసుకుంటే దాదాపు అన్నిట్లోనూ పలు మందులకు లొంగని బ్యాక్టీరియా దొరికాయి. రేపు ఆసుపత్రి మంచం మీద పసిబిడ్డకు ఇచ్చిన మందు పనిచేయకపోతే, ఆ కథ ఎక్కడో ఒక వాగులో మొదలై ఉండొచ్చన్నమాట.

కాబట్టి ఒకే బ్యాక్టీరియాకు రెండు దారులు. బీరు ఫ్యాక్టరీ నీళ్లు పోస్తే మేత అవుతుంది. మందుల ఫ్యాక్టరీ నీళ్లు పోస్తే మొండి శత్రువవుతుంది. తప్పు దానిది కాదు, పోసినవాళ్లది. అన్ని ఫ్యాక్టరీల నీళ్లూ ఒకే కాలువలో కలిపేశాక ఇక ఎంత పెద్ద శాస్త్రవేత్త అయినా అందులోంచి తిండి తీయలేడు. మూసీ ఒడ్డున అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం ఉంది. అక్కడ కూడా పనిచేసేది బ్యాక్టీరియానే. అయినా అక్కడి బురదను పశువులకు పెట్టలేరు. అందులో ఇంటి మురుగుతో పాటు రోగకారక క్రిములు, భార లోహాలు, ఇంకా ఏమేం కలిశాయో లెక్క కట్టడం కష్టం. అమ్మమ్మ నియమం తప్పిన చోట పెద్ద ప్లాంటు కట్టినా ఫలితం అంతే.

తార్నాకలో రెండు గేట్లు

తూర్పుకు మళ్లితే తార్నాక. ఈ కథకు సంబంధించిన రెండు సంస్థలూ ఇక్కడే ఉన్నాయి. ఒకటి ఐఐసీటీ. నిజాం కాలంలో 1944లో హైదరాబాద్‌ రాష్ట్ర ప్రయోగశాలగా మొదలైంది. పాతతరం వాళ్లకు ఆర్‌ఆర్‌ఎల్‌ అంటేనే తెలుస్తుంది. బోయిన్‌పల్లి పరిజ్ఞానం పుట్టింది ఇక్కడే. మురుగు నీళ్ల నుంచి హైడ్రోజన్‌, విద్యుత్తు, ప్లాస్టిక్‌ లాంటి పదార్థాలు తీయడంపై ఇక్కడ ఏళ్లపాటు పరిశోధనలు చేసిన డాక్టర్‌ ఎస్‌.వెంకటమోహన్‌కు 2014లో శాంతిస్వరూప్‌ భట్నాగర్‌ పురస్కారం దక్కింది. మురుగును పారబోసేదిగా కాకుండా ముడిసరుకుగా చూడాలన్నది ఆ పరిశోధనల సారం.

రెండోది జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్‌. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఐఐసీటీ ప్రశ్న ‘ఎలా తీయాలి?’ అయితే ఎన్‌ఐఎన్‌ లాంటి సంస్థ అడగాల్సిన ప్రశ్న ‘తింటే ఏమవుతుంది?’

మరి మనుషులు తినొచ్చా? ఇక్కడో చిక్కుంది. వేగంగా పెరిగే బ్యాక్టీరియా ఒంట్లో న్యూక్లిక్‌ ఆమ్లాలు ఎక్కువ. అవి మన ఒంట్లో యూరిక్‌ ఆమ్లంగా మారతాయి. మోతాదు మించితే కీళ్ల నొప్పులు, మూత్రపిండాల్లో రాళ్లు వచ్చే ప్రమాదం ఉంది. ఇలాంటి ఆహారం నుంచి రోజుకు 2 గ్రాములకు మించి న్యూక్లిక్‌ ఆమ్లాలు ఒంట్లోకి వెళ్లకూడదని నిపుణులు 1970ల్లోనే హద్దు గీశారు. వాటిని తగ్గించే పద్ధతులున్నా ఖర్చు పెరుగుతుంది. పశువులకూ చేపలకూ ఈ బాధ తక్కువ. యూరిక్‌ ఆమ్లాన్ని విరగ్గొట్టే ఎంజైము వాటికి ఉంది, మనకు లేదు. అందుకే మురుగు నుంచి వచ్చే మాంసకృత్తులు ముందుగా చేరాల్సింది మన కంచంలోకి కాదు, చేపల చెరువులోకి. అక్కణ్నుంచి పులుసు రూపంలో మన ఇంటికి వస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు!

లాభం ఎవరికి?

చేపలు, రొయ్యల సాగులో దేశానికి పెద్దన్న ఆంధ్రప్రదేశ్‌. భీమవరం, కైకలూరు వైపు వెళ్తే వరిచేలకన్నా చెరువులే ఎక్కువ కనిపిస్తాయి. ఆ రైతును కదిలిస్తే ముందుగా చెప్పేది మేత ధర గురించే. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. రొయ్యల మేతలో కలిపే చేపల పొడి కోసం సముద్రంలో చిన్న చేపల్ని టన్నులకొద్దీ పడతారు. చేపను పెంచడానికి చేపనే చంపడమన్నమాట. ఆ పొడిలో కొంతైనా బ్యాక్టీరియా పొడితో సరిపెట్టగలిగితే రైతుకూ సముద్రానికీ మేలే.

అందుకు కావాల్సిన మురుగు కూడా తెలుగు నేల మీదే ఉంది. సామర్లకోట, పెద్దాపురం ప్రాంతంలో కర్రపెండలం నుంచి సగ్గుబియ్యం తీసే మిల్లులున్నాయి. వాటి నీళ్ల నిండా పిండే. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ధాన్యం నానబెట్టిన నీళ్లున్నాయి. పాల డైరీలున్నాయి. సంగారెడ్డి జిల్లాలో బీరు ఫ్యాక్టరీలున్నాయి. ఈ నీళ్లలో యాంటీబయాటిక్‌ తయారీ లేదు, లోహాల పూత లేదు. ఫ్యాక్టరీ గేటు దాటకముందే, వేరే మురుగుతో కలవకముందే పట్టుకుంటే కుడితి తొట్టికి పనికొచ్చే సరుకే.

అయితే కంగారు పడి దిగే వ్యాపారం కాదిది. మన రొయ్యలు విదేశాలకు వెళ్లేటప్పుడు యాంటీబయాటిక్‌ ఆనవాళ్ల కోసం అక్కడ పరీక్షిస్తారు. దొరికితే సరుకు వెనక్కి వస్తుంది. మేతలో ఒక్క బస్తా మురికి పొడి కలిసినా మునిగేది చెరువు పెట్టిన రైతే. అందుకే ప్రతి తొట్టె నీళ్లనూ, ప్రతి బస్తా పొడినీ పరీక్షించే ఏర్పాటు ముందుండాలి. బ్యాక్టీరియా ఒంట్లో సీసం, క్యాడ్మియం లాంటి లోహాలు పేరుకుంటాయి కాబట్టి వాటికీ వెతకాలి. గాలి ఊదడానికి, ముద్దను ఆరబెట్టడానికి కరెంటు ఖర్చు తక్కువేమీ కాదు. మురుగు ఉచితంగా వచ్చినా పొడి ఉచితంగా రాదు. చిన్న మిల్లు ఒక్కటీ ఈ భారం మోయలేదు. పక్కపక్కనున్న నాలుగైదు సగ్గుబియ్యం మిల్లులు కలిస్తే మోయగలవేమో. ఒకే రకం నీళ్లకు ఒకే ఉమ్మడి తొట్టె... రకరకాల నీళ్లకు ఒకే తొట్టె మాత్రం వద్దు.

ఇందులో శాస్త్రం కన్నా కష్టమైన పని ఒకటుంది. అది వేరుగా ఉంచడం. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని మున్సిపాలిటీ వాళ్లు ఇంటింటికీ రెండు బుట్టలిచ్చారు. చాలా ఇళ్లలో రెండో బుట్ట బియ్యం పోసుకోవడానికో బట్టలు వేసుకోవడానికో వెళ్లిపోయింది. ఇంట్లో రెండు బుట్టలు వేరుగా పెట్టలేని మనం ఫ్యాక్టరీలను రెండు పైపులు వేరుగా పెట్టమని అడగడం ఎలా? ఒక పేట కలిసికట్టుగా అనుకుంటే బావిలో చెత్త పడటం ఆగింది. కాలువల్లోకి వెళ్లే నీళ్ల విషయంలోనూ అనుకోవాలి అంతే. వేరుచేసి ఇస్తే బ్యాక్టీరియా జీతం అడగవు, సెలవు పెట్టవు, ఆదివారం కూడా పనిచేస్తాయి!